కేబుల్ జడల మిట్టెన్లు: వెచ్చదనానికా, అందానికా?

ఊలుబంతి:
మా చెల్లెలు గడ్డకట్టే చలిలో రోజూ చాలా దూరం నడవాలి. తన కోసం మిట్టెన్లు (బొటనవేలు విడిగా, మిగతా నాలుగు వేళ్లూ కలిపి ఉండే చేతితొడుగులు) మొదలుపెడుతున్నాను. మధ్యరకం మందం ఉన్న గొర్రె ఊలు తీసుకున్నాను. చేతి పైవైపు ఆరేసి కుట్ల కేబుల్ జడలు, అంటే కుట్లను పక్క కుట్ల మీదుగా దాటించి వేసే జడలాంటి మెలికలు, రెండు వేయాలని కోరిక. నాతో కలిసి అల్లే ఒకావిడ మాత్రం వద్దంటున్నారు. జడలు చూడటానికే బాగుంటాయట, దాటింపు వేసిన ప్రతిచోటా సందు పడి గాలి దూరుతుందట, వెచ్చదనం కావాలంటే రెండు రంగుల అల్లికే వేయాలట. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. జడ ఉన్నచోట అల్లిక మందంగా ఉంటుంది కదా, మందం ఉంటే వెచ్చదనం ఉండదా?

నాలుగుసూదులు:
ఆవిడ చెప్పిందే నిజం. జడ అంటే మూడు కుట్లను పక్కనున్న మూడు కుట్ల మీదుగా దాటించడం. ఆరు వరుసలకొకసారి దాటిస్తే పొర మీద పొర పడేది ఆ దాటింపు దగ్గరే, మిగతాదంతా ఒంటిపొర. రెండు రంగుల అల్లికలో అలా కాదు. ఒక రంగు కుట్టు పడుతుంటే రెండో రంగు పోగు దాని వెనుక అడ్డంగా సాగుతుంది. వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా రెండు పొరలే. నార్వేలోని సెల్బు మిట్టెన్లు చూడండి. మారిత్ ఎమ్‌స్టాడ్ అనే యువతి 1857లో అల్లిన ఎనిమిది రేకుల పువ్వుతో ఆ సంప్రదాయం మొదలైందని చెబుతారు. లాట్వియా, ఎస్తోనియా మిట్టెన్లూ రంగుల అల్లికకే పేరుపడ్డాయి. తరతరాలుగా అంత చలిలో బతికినవాళ్లు ఊరికే దాన్ని పట్టుకోలేదు కదా?

జడలపక్షం:
నాలుగుసూదులు గారూ, సెల్బు మిట్టెన్ల మీద నాకూ ఎంతో గౌరవం ఉంది. అయితే జడను మీరు మరీ తక్కువగా లెక్కగట్టారు. చేతికి వెచ్చదనం ఇచ్చేది ఊలు ఒక్కటే కాదు, ఊలులో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. దాటింపు వేసినప్పుడు ఆ ఒక్క వరుసే కాదు, దాని పైనా కిందా ఉన్న వరుసలు కూడా దగ్గరకు లాక్కుంటాయి. జడ మొత్తం పైకి ఉబ్బి నిలబడుతుంది, దాని అడుగున చిన్న చిన్న గూళ్లు ఏర్పడతాయి. ఆ గూళ్లలో గాలి నిలుస్తుంది. అదే వెడల్పున్న సాదా అల్లిక కంటే జడల అల్లిక ఎక్కువ ఊలు తాగేది కూడా ఇందుకే. ఆ ఊలంతా చేతి మీదే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

సందుల మాట నిజమే. జడ అంచున, పర్ల్ కుట్ల (తిరగేసి వేసే కుట్ల) నేలకు ఆనుకున్నచోట, దాటింపు దగ్గర చిన్న రంధ్రం కనిపిస్తుంది. కానీ ఆ తప్పు జడది కాదు, వదులు అల్లికది. లేబుల్ మీద 4.5 మిల్లీమీటర్ల సూదులకు పది సెంటీమీటర్లలో 20 కుట్లు అని రాసి ఉంటే అది స్వెట్టర్ లెక్క. మిట్టెన్లకు అంత వదులు పనికిరాదు. అదే ఊలును 3.5 సూదుల మీద 24 కుట్లు వచ్చేలా బిగించి అల్లండి, సందులు దాదాపు మూసుకుపోతాయి. సాదా అల్లికైనా, రంగుల అల్లికైనా వదులుగా వేస్తే గాలి దూరుతుంది. నేరం జడ ఒక్కదాని మీదే మోపడం అన్యాయం.

నన్నడిగితే జడల మిట్టెన్లకు అసలు ప్రమాదం వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. జడలు అల్లికను అడ్డంగా లోపలికి లాగుతాయి. సాదా అల్లికకు వేసిన లెక్కతోనే కుట్లు ఎత్తితే మిట్టెన్ చేతిని పిసికేస్తుంది. బిగుతుగా ఉంటే లోపలి గాలి నలిగిపోతుంది, వేళ్లకు రక్తం సరిగా పారదు, ఎంత మంచి ఊలైనా చేతులు చల్లబడతాయి. "జడలు వెచ్చగా ఉండవు" అనేవాళ్లలో చాలామంది చేతికి తగిలింది ఇలాంటి మిట్టెనే అని నా గట్టి నమ్మకం. ఊలుబంతి గారూ, మీ చెల్లెలి అరచేతి చుట్టుకొలత 19 సెంటీమీటర్లు అనుకుందాం. కదలడానికి రెండు కలిపితే 21. పదికి 24 చొప్పున 50 కుట్లు. రెండు జడలకు రెండేసి అదనంగా వేస్తే 54. ఈ అదనపు కుట్లు మణికట్టు పట్టీ అయిపోయాక, మొదటి చుట్టులోనే పెంచండి, లేకపోతే పట్టీ వదులైపోతుంది. వేళ్ల కొస దగ్గర ముగించేటప్పుడు జడల్లో పెంచిన కుట్లను ముందు తగ్గించాలని మరవకండి.

మంచుబాట:
రంగుల అల్లిక గురించి ఒక మాట. వెనుక సాగే పోగులు పొడవుగా ఉంటే వేలి గోళ్లకు, ఉంగరాలకు తగులుకుంటాయి. పిల్లల చేతులకు మరీ ఇబ్బంది. జడల అల్లిక లోపలివైపు అలాంటి వేలాడే పోగులు ఉండవు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్‌లలో మరో పద్ధతి ఉంది. కొన్ని కుట్లకొకసారి వడకని ఊలు పాయను కుట్టులో కలిపి అల్లుతారు. ఆ పాయల కొసలు లోపల మెత్తగా నిండి ఉంటాయి. వెచ్చదనమే ముఖ్యమైతే నేను దానికే ఓటేస్తాను.

నాలుగుసూదులు:
జడలపక్షం గారు బిగుతు గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను, కుట్లు పెంచకుండా జడ వేయకూడదు. కానీ గాలి విషయంలో నా మాట మారదు. నిశ్చలంగా ఉన్న చలిలో గూళ్లలోని గాలి కాపాడుతుంది. ఎదురుగాలి కొడితే ఆ గాలి నిలుస్తుందా? ఈ చెల్లెలు నడిచి వెళ్లే మనిషి, గదిలో కూర్చునే మనిషి కాదు. పైగా జడలు పైవైపే వేస్తున్నారు. అరచేయి, బొటనవేలు ఒంటిపొరే కదా, వాటి సంగతి ఏమిటి?

జడలపక్షం:
అరచేతి మీద జడ వేయకపోవడమే మంచిది, ఏదైనా పట్టుకుంటే గట్టిగా ఒత్తుకుంటుంది. ఎదురుగాలి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు లోపలి పొర. మణికట్టు పట్టీ లోపలి అంచు నుంచి కుట్లు ఎత్తి, మెత్తని సన్నని ఊలుతో సాదా మిట్టెన్ ఇంకొకటి అల్లి లోపలికి మడవాలి. బొటనవేలికి కూడా లోపలి పొర వేయాలి. అప్పుడు పై మిట్టెన్‌కు ఇంకో నాలుగు కుట్లు పెంచాలి, లేకపోతే మళ్లీ అదే బిగుతు. ఊలును వేడినీళ్లలో నలిపి గట్టిపరిస్తే గాలి ఆగుతుందని కొందరు అంటారు. అది నిజమే, కానీ జడల గీతలు చెరిగిపోతాయి, ఈ జతకు మాత్రం వద్దు.

తెల్లపోగు:
ఉతకడం సులువని ఎవరైనా అక్రిలిక్ (కృత్రిమ నూలు) సూచిస్తే వినకండి. గొర్రె ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అక్రిలిక్ తేమను దాదాపు పీల్చుకోదు. నడిచేవాళ్ల చేతులకు చెమట పడుతుంది, ఆ చెమట లోపలే మిగిలిపోతుంది.

ఊలుబంతి:
అందరికీ కృతజ్ఞతలు. జడలు వదులుకోవడం లేదు, నాలుగుసూదులు గారి ఎదురుగాలి ప్రశ్నను మాత్రం తోసిపుచ్చలేను. కాబట్టి లోపలి పొరతోనే అల్లుతాను. 3.5 సూదులు, 58 కుట్లు. కుడిచేతి జడలు కుడివైపు వాలేలా పక్కసూదిని (దాటించే కుట్లను పట్టి ఉంచే చిన్న సూదిని) వెనుక పెట్టి, ఎడమచేతి జడలు ఎడమవైపు వాలేలా ముందు పెట్టి దాటిస్తాను. ఇంకొక్క సందేహం. లోపలి పొరకు బొటనవేలి కుట్లను ముందే సూది మీంచి తీసి పక్కన పెట్టుకోవాలా, పై మిట్టెన్ పూర్తయ్యాక చూసుకోవచ్చా?

నాలుగుసూదులు:
పై మిట్టెన్ పూర్తిచేసి, మీ చెల్లెలి చేతికి తొడిగి చూసి, అప్పుడు లోపలిది మొదలుపెట్టండి. బొటనవేలు ఎక్కడ విడిపోవాలో ఆ చేయే చూపిస్తుంది. రెండో జత అల్లేటప్పుడైనా రంగులు ప్రయత్నిస్తారని ఆశిస్తున్నాను.