ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెడితే సిస్టమ్ లాగ్ నిండా 51, 153 నంబర్ల ఈవెంట్లు: డ్రైవ్ పోతోందా, కేబులా?

కూకట్‌పల్లి_పీసీ:
విండోస్ 10 డెస్క్‌టాప్. 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్, 2.5 అంగుళాలది, అడాప్టర్ లేనిది. క్యాబినెట్ ముందు పోర్టుకి పెట్టి రాత్రిపూట సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్ నడుపుతున్నాను. పొద్దున ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ సోర్స్ కింద 153, 51 వరసగా, మధ్యమధ్యలో 157. పైగా 51లో ‘పేజింగ్ ఆపరేషన్’ అంటోంది, ఆ డ్రైవ్‌లో పేజ్ ఫైలే (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు) లేదు. ఫైళ్లు బానే తెరుచుకుంటున్నాయి. డ్రైవ్ మార్చాలా?

లాగ్‌రీడర్:
పేజ్ ఫైల్‌తో పని లేదండి. ఫైల్ క్యాష్ నుంచి డిస్కుకి పోయే రాతలు కూడా మెమరీ మేనేజర్ దారిలోనే వెళ్తాయి, అందుకే ఆ మాట. 153 అంటే ఆ పని మళ్లీ చేయాల్సి వచ్చిందని. మలిసారి సరిగ్గా జరిగితే ఫైలుకేమీ కాదు. 157 అంటే డిస్క్ చెప్పాపెట్టకుండా ఊడిపోయిందని.

‘ఫిల్టర్ కరెంట్ లాగ్’లో 7,11,51,153,157 అని కొట్టి, 153లోని లాజికల్ బ్లాక్ అడ్రసులు (డిస్క్ మీద ఏ చోటో చెప్పే అంకెలు) వరసగా చూడండి. అదే అడ్రసు, దాని చుట్టుపక్కలవే పదేపదే వస్తుంటే ప్లాటర్ (లోపల తిరిగే పళ్లెం) మీద ఆ చోటు పాడైనట్టే. 7 (బ్యాడ్ బ్లాక్, అంటే పాడైన చోటు తగిలిందని) కూడా తోడైతే ఇక అనుమానం అక్కర్లేదు. అడ్రసులు చెల్లాచెదురుగా ఉంటే కరెంటో కేబులో. ఇంకొకటి, 51లో హార్డ్‌డిస్క్1 పక్కన డీఆర్ అని ఒక అంకె ఉంటుంది. డ్రైవ్ తీసి పెట్టినప్పుడల్లా అది పెరుగుతుంది. మీరు ముట్టుకోకుండానే పెరుగుతోందంటే డ్రైవ్ తనంతట తానే ఊడి మళ్లీ తగులుకుంటోంది.

కూకట్‌పల్లి_పీసీ:
అడ్రసులు చెల్లాచెదురే, డీఆర్ అంకె పెరుగుతోంది. కానీ 157లు కొన్ని డిస్క్ 1కి, కొన్ని డిస్క్ 2కి. నాకు డిస్క్ 2 అనేదే లేదు!

లాగ్‌రీడర్:
అది బ్యాకప్ తాత్కాలికంగా తగిలించుకునే వీహెచ్‌డీ, అంటే ఫైలు రూపంలో ఉండే వర్చువల్ డిస్క్. పనయ్యాక విప్పేసినప్పుడు కూడా 157 పడుతుంది. వదిలేయండి. డిస్క్ 1వే చూడాలి.

పార్క్‌లేన్_సందు:
ముందు పోర్టు మానేసి, వెనక మదర్‌బోర్డు మీదున్న యూఎస్‌బీ 3.0 పోర్టుకి పెట్టండి. ముందు పోర్టుకి లోపల ఇంకో కేబుల్ ఉంటుంది, సిగ్నల్ అక్కడే సగం చెడుతుంది. యూఎస్‌బీ 2.0 హద్దు 500 మిల్లీయాంప్స్, 3.0 హద్దు 900. 2.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు అది చాలకపోవడం మామూలే. కేబుల్ మీటరు లోపుది వాడండి, ఎక్స్‌టెన్షన్ వద్దు. డ్రైవ్ వైపు వెడల్పాటి మైక్రో బీ పిన్ను కదిపి చూడండి, వదులైతే కేబుల్ మార్చాల్సిందే.

అయినా ఆగకపోతే సొంత అడాప్టరున్న హబ్. సీటీసీలో (సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం) ‘పవర్డ్ హబ్’ అని గట్టిగా అడగండి. ఉత్త హబ్ అంటే నాలుగు పోర్టుల ప్లాస్టిక్ ముక్క చేతిలో పెడతారు, అది ఉన్న కరెంటునే పంచుతుంది.

మెసేజీలు డ్రైవ్ ఖాళీగా ఉండి లేచినప్పుడే వస్తుంటే మాత్రం పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ (ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది) డిసేబుల్ చేయండి.

లాగ్‌రీడర్:
క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రాం) కూడా ఒకసారి చూడండి. అందులో సీ7 (సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క) సున్నా ఉందని యూఎస్‌బీ కేబుల్‌ని నమ్మొద్దు, అది లెక్కపెట్టేది డ్రైవ్ లోపలి సాటా లింకు తప్పుల్నే. సీ5 (చదవలేక పెండింగులో ఉన్న సెక్టార్ల లెక్క) సున్నా కాకపోతే ముందు డేటా వేరే డిస్కుకి తీసుకోండి. అంతవరకు చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r కమాండ్) జోలికి పోవద్దు, డిస్కంతా చదివించి ఉన్న ప్రాణం కూడా తీస్తుంది.