పొలం ఎలుకల మీది గోమార్లు: కీలో ఎక్కడా కుదరడం లేదు, ప్లీజ్ హెల్ప్

బోనుబాబు: పొద్దున తొమ్మిదింటికి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నా, ఇప్పుడు మూడు దాటింది. అన్నం కూడా తినలేదు. దేవరకొండ వైపు పల్లి చేన్లలో, బత్తాయి తోటల గట్ల మీద బోన్లు పెట్టి పట్టిన ఎలుకల మీద గోమార్లు దొరికాయి. కీ (ఒక్కో లక్షణం చూస్తూ పేరు తేల్చే పట్టిక) ముందేసుకుంటే మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతున్నా. ఫొటో పెట్టాను, జాతి పేరు చెప్పండి. ఎల్లుండి గైడ్ గారికి లిస్టు ఇవ్వాలి. ఫుల్ టెన్షన్.

చెట్టుపురుగు: కాళ్ళెన్ని?

పాతకంపౌండర్: బాబూ, గోమారి పశువు మీద ఉండేది, పేరులోనే గోవు ఉంది. ఎలుక మీద ఉంటే పిడుదు అనాలి.

అచ్చంపేట_అన్న: మరి కుక్క మీద ఉంటే కుక్కమారి అంటారా సార్? మా దిక్కు దేని మీదున్నా గోమారే.

అడవిబాట: పేర్ల గొడవ తర్వాత. తొడుగులు వేసుకున్నారా? గోమారిని గోళ్ళతో చిదమకండి. 1957లో శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చి పడితేనే క్యాసనూర్ జ్వరం బయటపడింది. దాన్ని మోసే గోమారి హీమఫైసలిస్ స్పినిజెరా. దాని పిల్లలు ఎలుకల్లాంటి చిన్న జీవుల మీదే పెరుగుతాయి. అమ్రాబాద్ అభయారణ్యంలో బోను పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కూడా కావాలి...

బోనుబాబు: అన్నా, నాది అడవి కాదు, చేను. తొడుగులు వేసుకున్నా. పేరు చెప్పండి చాలు.

చెట్టుపురుగు: కాళ్ళు. ఏ ఎలుక? దేంట్లో దాచారు?

బోనుబాబు: ఎలుకంటే ఎలుకే. తోక చివర నల్ల కుచ్చు ఉంది. ఫార్మలిన్‌లో వేశా. కాళ్ళు ఆరు. అన్నిటికీ ఆరే.

చెట్టుపురుగు: ఇది ముందే చెప్పాల్సింది. కుచ్చు తోకది జర్బిల్ అనే రకం ఎలుక. ఆరు కాళ్ళంటే లార్వాలు, గుడ్డులోంచి వచ్చిన తొలి దశ పిల్లలు. మీ కీ పెద్దవాటిది, ఎనిమిది కాళ్ళవాటిది. ఎలా కుదురుతుంది?

గడ్డిపరక: కొంచెం వివరంగా చెప్తా. ఎలుక మీద దొరికేవి చాలావరకు పిల్లలే. రిపిసెఫలస్ హీమఫైసలాయిడిస్, నోసోమ్మా మాన్‌స్ట్రోసమ్ లాంటి గోమార్లు చిన్నప్పుడు ఎలుకల మీద రక్తం తాగి, పెద్దయ్యాక బర్రెల మీదికి చేరతాయి. అందుకే బర్రె మీద చూసి గుర్తుపట్టేవాళ్ళు కూడా ఇక్కడ తికమకపడతారు. హీమఫైసలిస్‌కు కళ్ళుండవు, నోటి పక్కనుండే పాల్ప్ అనే చిన్న అవయవంలో రెండో ముక్క బయటికి పొడుచుకొస్తుంది. జీనస్ (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) వరకు అలా తేల్చొచ్చు. జాతి కావాలంటే ఈసారి రక్తం తాగి ఉబ్బినవాటిని బతికుండగానే తడి తగిలేలా ఉంచండి, చర్మం విడిచి తర్వాతి దశకు వస్తాయి. మిగతావి 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో వేస్తే తర్వాత డీఎన్ఏ తీయడం కష్టం.

బోనుబాబు: చెవి లోపల గుత్తులుగా నారింజ రంగువి కూడా ఉన్నాయి. అవి కూడా లార్వాలేనా?

గడ్డిపరక: లార్వాలే, కానీ గోమార్లవి కాకపోవచ్చు. చిగ్గర్లలా (మైట్ అనే సన్న పురుగుల పిల్లలు) ఉన్నాయి, వాటికీ ఆరు కాళ్ళే. స్క్రబ్ టైఫస్ జ్వరం మోసేవి ఆ రకంవే. లిస్టులో కలపకండి.

బోనుబాబు: అంటే సగం లిస్టు పోయింది. సరే, జీనస్ వరకే రాసిస్తా. థాంక్స్.

పాతకంపౌండర్: తెలుగు పేరు రాస్తే మాత్రం పిడుదు అనే రాయండి.