సిరామిక్ వేవ్‌గైడ్ ఫిల్టర్: లెక్కలో 3.5, కొలతలో 3.46 గిగాహెర్ట్జ్

ప్రశ్న (ఎం.టెక్ విద్యార్థి, హనుమకొండ):
నమస్కారం. 5జీ కోసం 3.5 గిగాహెర్ట్జ్ వద్ద, 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో, నాలుగు రెజొనేటర్ల (ఒక పౌనఃపున్యానికి ప్రతిధ్వనించే గదుల) సిరామిక్ వేవ్‌గైడ్ ఫిల్టర్‌ను, అంటే కావలసిన పౌనఃపున్యాలను మాత్రమే పంపే వెండి పూత సిరామిక్ ముక్కను, ప్రాజెక్టుగా చేస్తున్నాను. పదార్థపు రోధక స్థిరాంకం (డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్) 20.5. రెజొనేటర్లు చదరంగా ఉన్నాయి, పైన గుంతలు పెట్టలేదు. సిమ్యులేషన్‌లో ఇన్సర్షన్ లాస్ (ఫిల్టర్ గుండా పోతూ సంకేతం కోల్పోయేది) 0.5 డీబీ లోపే ఉంది కానీ, వెండి పూత వేయించి తెచ్చిన ముక్కను కొలిస్తే మధ్య పౌనఃపున్యం 3.46కు జారింది, లాస్ 1.4 డీబీ చూపింది. 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర మరో పాస్‌బ్యాండ్ (సంకేతం దాటిపోయే పట్టీ) కూడా కనిపిస్తోంది. మే నెల ఎండకు ల్యాబ్ వేడెక్కడమే కారణమని మిత్రులు అంటున్నారు. దేనిని ముందు సరిచూడాలి?

జవాబు (ఫిల్టర్ల తయారీలో పనిచేసిన ఇంజినీరు, కరీంనగర్):
తమ్ముడూ, ఎండను ఈ కేసులోంచి వదిలేయండి. పదార్థపు ఉష్ణ గుణకం డిగ్రీకి 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) ఉన్నా, 20 డిగ్రీల పెరుగుదలకు జరిగేది 0.7 మెగాహెర్ట్జ్ మాత్రమే, మీకు జారింది 40.

గాలి నిండిన చదరపు కేవిటీ (లోహపు గోడల డబ్బా) అయితే 3.5 వద్ద భుజం 60 మి.మీ. దాటుతుంది. దానిని 20.5 వర్గమూలంతో, అంటే 4.53తో భాగిస్తే, ఐరిస్‌ల (రెజొనేటర్లను కలిపే సందుల) ప్రభావం పక్కన పెట్టి, దాదాపు 13.4 మి.మీ. వస్తుంది. పౌనఃపున్యం కొలతకు విలోమంగా, రోధక స్థిరాంకపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి, 40 మెగాహెర్ట్జ్ తగ్గాలంటే స్థిరాంకం 2.3 శాతం పెరిగి ఉండాలి, లేదా ముక్క 1.15 శాతం పెద్దదై ఉండాలి. రెండోది వెర్నియర్ కాలిపర్స్‌తో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఇక 1.4 డీబీ. నాలుగు పోల్‌ల (అంటే మీ నాలుగు రెజొనేటర్ల) చెబిషెవ్ రకం ఫిల్టర్‌కు, 20 డీబీ రిటర్న్ లాస్‌తో (వెనక్కి తిరిగొచ్చే సంకేతం ఎంత తక్కువో చెప్పే కొలత), మీ బ్యాండ్‌విడ్త్‌కు లెక్క వేస్తే క్యూ (రెజొనేటర్ నష్టం ఎంత తక్కువో చెప్పే సంఖ్య) 1500 ఉన్నప్పుడు 0.46 డీబీ వస్తుంది, 1.4 రావాలంటే క్యూ 500కు పడిపోయి ఉండాలి. కనెక్టర్లు, టెస్ట్ బోర్డు నష్టాన్ని తీసివేసి కొలిచారా? తీసివేసినా అంతే ఉంటే తప్పు పూతలోనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నగారూ. భుజం 13.55 మి.మీ. ఉంది. బోర్డు నష్టం తీసివేస్తే 1.2 మిగిలింది. పూత మాత్రం అద్దంలా మెరుస్తోంది.

జవాబు:
అయితే పౌనఃపున్యం సంగతి తేలిపోయింది. కాల్చినప్పుడు ముక్క మీరు అనుకున్నంత కుంచించుకోలేదు.

మెరుపును చూసి మోసపోకండి. మా ఊరి ఫిలిగ్రీ పనికైతే పైమెరుపే ప్రాణం గానీ, ఇక్కడ కరెంటు నడిచేది వెండి లోపలి ముఖం మీద, అది సిరామిక్‌ను తాకేచోట. 3.5 గిగాహెర్ట్జ్ వద్ద వెండిలో స్కిన్ డెప్త్ (కరెంటు లోహంలోకి దిగే లోతు) సుమారు 1.07 మైక్రాన్లు, కాబట్టి పది మైక్రాన్ల పూత ఉంటే బయటి ముఖానికి పనే లేదు. ఒక మూల పూతను బ్లేడుతో కొద్దిగా గీకి, కింది సిరామిక్ మీద గోరు జారించి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
గీకి చూశాను. గోరుకు గరుకుగా, సన్నని ఇసుక కాగితంలా తగిలింది.

జవాబు:
కరెంటు ఆ గరుకు ముఖం మీదే నడవాలి కాబట్టి, అదే మీ క్యూను తినేసింది. తర్వాతి ముక్కను పూతకు ముందే నునుపుగా లాపింగ్ (సన్నని పొడితో అరగదీయడం) చేయించండి.

5.5 పాస్‌బ్యాండ్ మాత్రం తప్పు కాదు. చదరపు కేవిటీలో తర్వాతి మోడ్ (తరంగం నిలబడే మరో తీరు) మొదటిదానికి 1.58 రెట్ల దగ్గర, అంటే 5.53 వద్దే పుడుతుంది, పదార్థం మార్చినా ఆ నిష్పత్తి మారదు. పై ముఖం నడుమ గుంత పెడితే మొదటి మోడ్ కిందికి దిగుతుంది, ఆ తర్వాతి మోడ్‌కు నడుమ విద్యుత్ క్షేత్రం శూన్యం కాబట్టి అది పెద్దగా కదలదు, అందువల్ల రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది, ముక్క కూడా చిన్నదవుతుంది. గుంత అడుగున వెండిని కొద్దికొద్దిగా గీకితే పౌనఃపున్యం పైకే పోతుంది కనుక, కొత్త డిజైన్‌ను కావాలనే కొంచెం కిందకు పెట్టుకుని, వీఎన్‌ఏ (ఫిల్టర్ స్పందనను కొలిచే పరికరం) తెర చూస్తూ ఒక్కో రెజొనేటర్‌ను సరిచేయండి.