బ్రోకలినీని తెలుగులో ఏమందాం?

పటమట: వంటకం తెలుగులో రాసేటప్పుడు, సన్నటి పొడుగు కాడలుండే బ్రోకలీ రకం బ్రోకలినీని "పిల్ల బ్రోకలీ" అనొచ్చా? హైబ్రిడ్ కాబట్టి "సంకర బ్రోకలీ" మేలా?

బ్రాడీపేట: రెండూ వద్దండి. ఇటాలియన్‌లో బ్రొక్కో అంటే మొలక. చిన్న మొలక బ్రొక్కొలో, దాని బహువచనం బ్రొక్కొలి. చివరి "ఇని" కూడా "చిట్టి" అనే ప్రత్యయమే. చిన్నతనం పేరులో రెండుసార్లు ఉంది, మొక్కలో మాత్రం లేదు. జపాన్‌లోని యొకొహామాకు చెందిన సకాటా విత్తన సంస్థ 1993లో బ్రోకలీని, చైనావాళ్ల ఆకుకూర గై లాన్‌ని కలిపి ఈ రకాన్ని తెచ్చింది. పూర్తిగా ఎదిగినా సన్నగానే ఉంటుంది. బ్రోకలీని ముందే కోస్తే వచ్చేది లేత బ్రోకలీయే, ఇది రాదు.

ఇక "సంకర" పత్తి విత్తనాల దగ్గర చెల్లుతుంది గానీ కూర పేరులో వినసొంపుగా ఉండదు. "హైబ్రిడ్" అన్నా చిక్కే. మన రైతుబజారులో హైబ్రిడ్ టమాటా అంటే నాటుది కానిదని అర్థం. బ్రోకలినీలో నాటు రకమే లేదు కదా!

అరండల్‌పేట: ఉల్లికాడ, ములక్కాడ ఉన్నాయిగా. "బ్రోకలీకాడ" అంటే సరిపోదా?

బ్రాడీపేట: ఉల్లికాడ అంటే ఉల్లికి ఉండే కాడ. ఆ లెక్కన బ్రోకలీకాడ అంటే మామూలు బ్రోకలీ కింద ఉండే లావుపాటి కాడ, పైతోలు చెక్కి వండేది. రూపాన్ని బట్టి రకాన్ని చెప్పాలంటే తెలుగు ఆ రూపాన్ని ముందు పెడుతుంది: తీగబచ్చలి, చెట్టుచిక్కుడు. అలాగే "కాడబ్రోకలీ". ఇంగ్లండులో దీన్ని అమ్మే పేరు టెండర్‌స్టెమ్ కూడా లేతకాడ అనే అర్థమిచ్చేదే.

పటమట: కాడబ్రోకలీ బాగుంది. వంటకానికి "ఇగురు" అని పేరు పెట్టొచ్చా?

అరండల్‌పేట: వద్దు, "వేపుడు" అనండి. ఇగురంటే నీరు ఇగిరేదాకా ఉడకాలి. దీన్ని మూతపెట్టి అంతసేపు ఉంచితే కూరలోంచి వచ్చే ఆమ్లం ఆవిరితో పోక గిన్నెలోనే తిరిగి, పచ్చరంగు మాసిన ఆకురంగుకు దిగుతుంది. గంధకం వాసనా వస్తుంది. చింతపండు ముందే వేసినా రంగు అలాగే పోతుంది. 200 గ్రాముల కట్టకు కాడల చివర ఒక సెంటీమీటరు తీసేయాలి. తోలు చెక్కనక్కర్లేదు. లావు కాడల్ని నిలువుగా చీల్చాలి, లేకపోతే మొగ్గలు మెత్తబడేసరికి కాడ పచ్చిగా ఉంటుంది. మరిగే ఉప్పునీళ్లలో ఒక నిమిషం ఉంచి, చన్నీళ్లలో వేసి, గుడ్డమీద ఆరబెట్టాలి. తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. రెండు చెంచాల నూనెలో మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో పోపు పెట్టి, మూత లేకుండా పెద్ద సెగమీద మూడు నిమిషాలు. నిమ్మరసం దించాకే.

బ్రాడీపేట: వంటకంలో "పువ్వులు" అని రాయకండి, "మొగ్గలు" అనాలి. అక్కడక్కడా పసుపు పువ్వు విచ్చినా తినొచ్చు, పారేయమని రాయొద్దు.