నాన్నగా రాయాలని ఉంది, కూర్చుంటే పాల లెక్క తప్ప ఏమీ రావట్లేదు

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్తే. మా బాబుకి నాలుగు నెలలు దాటాయి. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా వాడి బాధ్యత నాది. తీసి ఉంచిన పాలు వెచ్చబెట్టి పట్టి, భుజం మీద వేసుకుని తేపు వచ్చేదాకా తట్టి, మళ్లీ పడుకోబెట్టేసరికి నా నిద్ర ఎగిరిపోతుంది. ఆ టైములో ఫోన్లో పిల్లల పెంపకం గురించి చదువుతుంటాను. అన్నీ అమ్మతో మాట్లాడుతున్నట్టే ఉంటాయి. నాన్న అనేవాడు ఆఖర్లో 'మీవారి సాయం తీసుకోండి' అన్న ఒక్క లైన్లో వచ్చి పోతాడు. సాయమేంటండీ, పిల్లాడు నా పిల్లాడు కూడా కదా!

సరే, నేనే రాద్దామని కూర్చున్నా. రెండే రకాలుగా వస్తోంది. ఒకటి 'నువ్వొచ్చాక నా లోకమే మారిపోయింది' టైపు. మర్నాడు చదివితే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండోది, ఎన్నింటికి తాగాడు, ఎంత తాగాడు, డైపర్ ఎప్పుడు మార్చాను. అచ్చం స్టోర్ రిజిస్టరే.

ఇంకో సంగతి. కొన్నాళ్లకి నాలాంటి కొత్త నాన్నలు చదివేలా బయటపెట్టాలని ఉంది. మా ఆవిడేమో పేరు వద్దు, ఫోటో వద్దు అంటోంది. పేరూ మొహమూ లేని పిల్లాడి గురించి ఎవరు చదువుతారు? రాసే అలవాటున్న నాన్నలు చెప్పండి.

ఇద్దరమ్మాయిలనాన్న

తమ్ముడూ, ముందు పడుకో. వాడు పడుకున్నప్పుడల్లా నువ్వు రాస్తూ కూర్చుంటే పొద్దున ఆఫీసులో కునికిపాట్లే. రాయడానికి జీవితమంతా ఉంది.

పాతనోటుబుక్కు

పైన అన్నయ్య చెప్పింది నిజమే గానీ, ఇందులో ఒక తిరకాసుంది. జీవితమంతా ఉంటుంది, గుర్తే ఉండదు. మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. దాని మొదటి ఏడాదిలో నాకు గుర్తున్నదల్లా నేను రాసుకున్నదే. రాయనిది నాకు జరగనట్టే లెక్క.

ముందుగా, ఆ స్టోర్ రిజిస్టర్‌ని తీసిపారెయ్యకండి. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఎన్నిసార్లు తాగింది, ఎన్నిసార్లు తడిపింది అని డాక్టర్ అడిగితే నిద్రలేని బుర్రకి ఏం గుర్తుంటుంది? కాకపోతే ఆ పేజీలోనే పక్కన కాస్త చోటు వదలండి. ఆ పూట మీ కళ్లతో చూసింది ఒక్కటి రాయండి. అనిపించింది కాదు, చూసింది.

దీనికి గురువు ఎవరో తెలుసా? చార్లెస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం డార్వినే. 1839 డిసెంబరు 27న ఆయన పెద్దకొడుకు విలియం పుట్టాడు. అప్పట్నుంచి వాడు చేసినవన్నీ రాసుకుంటూ పోయాడు. ఏడో రోజున బిడ్డ అరికాలికి కాగితం ముక్క తాకించాడట. వాడు వేళ్లు ముడుచుకుని కాలు విదిలించాడట. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఆయన బిడ్డ దగ్గర చిత్రమైన చప్పుళ్లు చేస్తే వాడు మహా సరదా పడేవాడు. నాలుగున్నర నెలలప్పుడు ఒకరోజు, అంతకుముందెప్పుడూ చెయ్యనిది, గట్టిగా గురక పెట్టి చూపించాడు. వాడు మొహం సీరియస్‌గా పెట్టి బావురుమన్నాడు. 'నా లోకమే మారిపోయింది' అని ఆయన ఎక్కడా అనలేదు. అయినా పిల్లాడి ముందు కూర్చుని గురక పెడుతున్న ఆ పెద్దమనిషిని చూస్తే ఎంత మురిసిపోయి ఉంటాడో తెలియట్లా?

నా నోటుబుక్కులోంచి ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నా: 'కుడిచెయ్యి మొహానికి ఎదురుగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఎడమచెయ్యి అడ్డొచ్చింది. దాన్నీ అంతే అనుమానంగా చూసింది. తర్వాత రెండూ నోట్లో పెట్టుకోబోతే పట్టలేదు, కోపమొచ్చింది.' రాసేటప్పుడు నాకు నిద్రమత్తు తప్ప ఏ భావమూ లేదు. ఇప్పుడు చదివితే భుజం మీద చొంగ తడితో సహా గుర్తొస్తుంది.

ఇక బయటపెట్టడం. డార్విన్ ఆ నోట్సుని 'మైండ్' అనే పత్రికలో వేసింది 1877లో. అప్పటికి కొడుక్కి 37 ఏళ్లు! మిమ్మల్ని అంతకాలం ఆగమనట్లేదు. రాసుకోవడం ఇవాళ మొదలెట్టండి, చూపించడం తర్వాత ఆలోచించండి, రెండూ ఒకే పని కాదు. మా అమ్మాయి పోయినేడాది నోటుబుక్కు మొత్తం చదివి, పడీపడీ నవ్వి, ఒక పేజీని మాత్రం స్టేపుల్ చేసేసింది. ఏ పేజీయో చెప్పను.

నేనూ అమ్మనే

మీ ఆవిడ మాటే కరెక్ట్ అండీ. బిడ్డ వెధవ్వేషాలన్నీ రాసి, పూర్తి పేరూ పుట్టినరోజూ కలిపి పెడితే, రేపు వాడి క్లాసులో పిల్లలు వెతికి పట్టుకుంటారు. ఫోన్తో తీసిన ఫోటోలో, లొకేషన్ ఆన్ చేసి ఉంటే, తీసిన చోటు కూడా దాగి ఉంటుంది. మొహం కనపడకపోయినా ఇల్లు దొరికిపోతుంది. పిల్లలకీ ప్రైవసీ హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణమే ఉంది. ఎవరో చదవడానికి వాడి మొహం ఎందుకు? ఆ సమయంలో ఒక నాన్న ఏం చేస్తున్నాడన్నది చాలు.

ఇంకొకటి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. కాన్పు గదిలో జరిగింది, కుట్లు, పాలు పడకపోవడం, ఆమె ఏడుపు, ఇవి మీరు పక్కనే ఉండి చూసినా మీవి కావు. ఆమెని అడక్కుండా ఒక్క లైనూ బయటికి పోకూడదు. డార్విన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా: మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే కూడా తన ముగ్గురు పిల్లల్నీ గమనించి రాసినవాడే. ఆ గమనించడంలో ఆయన భార్య వాలెంటైన్ వాటా చాలా ఉంది. పేరు మాత్రం ఎవరికొచ్చిందో చూడండి.

మూడోగేరు

నేను తక్కువే రాస్తా. పక్కన వదిలిన ఆ చోట్లో మీ సంగతి కూడా ఒక మాట రాసుకోండి: నిద్ర ఎంత, చిరాకు ఎంత. బిడ్డ పుట్టాక డిప్రెషన్ అమ్మలకే వస్తుందనుకుంటాం. అప్పటిదాకా జరిగిన చాలా పరిశోధనల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2010లో వచ్చింది. నాన్నల్లోనూ సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని తేల్చింది. మగాళ్లలో చాలాసార్లు అది ఏడుపుగా కాక కోపంగా బయటపడుతుంది. నాకలాగే వచ్చింది. డాక్టర్ దగ్గర 'ఏం లేదండీ, బాగానే ఉన్నా' అనేవాణ్ణే. జేబులో కాగితాల మీద వారాల తరబడి 'చిరాకు, చిరాకు' అని రాసి ఉంది కాబట్టి వాటినే ఆయన చేతిలో పెట్టా.

రాత్రిడ్యూటీ

అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించా. పియాజే దగ్గర ఆగి నా వంక ఒక చూపు చూసింది. ఒప్పందం కుదిరింది: పేరు లేదు, ఫోటో లేదు, ఏది బయటికి పోవాలన్నా ముందు తను చదవాలి, తన పేజీలు తనే రాస్తుంది. 'చిరాకు' కాలమ్ ఇద్దరికీ పెట్టాం. నాది నిన్ననే నిండింది.

గురక ప్రయోగం కూడా చేశా. వాడు ఏడవలేదు. నోరు తెరుచుకుని చూసి, నా ముక్కు పట్టుకుని లాగాడు. గోళ్లు కత్తిరించాలి.

పాతనోటుబుక్కు

ఇదిగో, రాయడం వచ్చేసింది. గోళ్లు నిద్రలో ఉన్నప్పుడు కత్తిరించండి, మెలకువలో ఉంటే మీ వల్ల కాదు.