థైరాయిడ్ క్యాన్సర్ ఎముకలకు పాకితే?

ప్రశ్న: అమ్మకు ఫాలిక్యులర్ థైరాయిడ్ క్యాన్సర్. గ్రంథి తీసేశారు. ఇప్పుడు వెన్నుపూసలో, తుంటి ఎముకలో మచ్చలు కనిపించాయి. రేడియో అయోడిన్ (థైరాయిడ్ క్యాన్సర్ కణాలను చంపే రేడియోధార్మిక మందు) ఇస్తామంటున్నారు. ఎన్నాళ్లు ఉంటుందోనని ఒకటే టెన్షన్. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా?

జవాబు: మా నాన్నగారికీ ఇదే. ఆ మచ్చలు అయోడిన్‌ను పీల్చుకుంటున్నాయా అని స్కాన్ తర్వాత తప్పక అడగండి. పీల్చుకుంటే ఏళ్ల తరబడి అదుపులో ఉన్నవాళ్లున్నారు. నాన్నకు వెన్ను నొప్పి తగ్గడానికి రేడియేషన్ కూడా ఇచ్చారు. ఎముకల బలానికిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్‌కు ముందు పళ్లు చూపించమన్నారు, ఆ మందు వల్ల దవడ ఎముక దెబ్బతినకుండా. అమ్మగారి కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా వెన్నుపాము నొక్కుకుపోతున్నట్టు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.

మరో జవాబు: అయోడిన్ పనిచేయకపోతే క్యాన్సర్ పెరుగుదలను అడ్డుకునే లెన్వాటినిబ్ మాత్రలున్నాయి. మా అక్క వాడుతోంది. బీపీ మాత్రం తరచూ చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: పళ్ల సంగతి మాకు తెలియదండీ. రేపే డాక్టర్‌ను అడుగుతాను.