నా ప్రసంగం రికార్డింగును నేనే చూడలేకపోతున్నాను

ప్రశ్న: నాయకత్వ నైపుణ్యాల మీద ఆన్‌లైన్‌లో 40 నిమిషాలు మాట్లాడాను. రికార్డింగు పెట్టి ఆరో నిమిషంలోనే ఆపేశాను. ఆ గొంతు నాదేనా? ఆపాటికే ‘అంటే’ 23 సార్లు అన్నాను, లెక్కపెట్టాను. చివరికి జరిపి చూస్తే ఇంకా సిగ్గు వేసింది. ఎదుటివారి మాట పూర్తిగా వినాలని అంతసేపు బోధించిన మనిషినే, ఒకరు ప్రశ్న అడుగుతుంటే సగంలో అందుకున్నాను. మిగతాది ఎలా చూడమంటారు?

జవాబు: గొంతు సంగతి వదిలేయండి. మన మాట మనకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది. ఆ దారిలో మంద్ర ధ్వనులు ఎక్కువగా చేరతాయి. రికార్డింగులో అవి తగ్గి గొంతు పలచబడినట్లు ఉంటుంది. మిగతావాళ్లకు మీరు మొదటినుంచీ అలాగే వినిపిస్తున్నారు! ఒకసారి శబ్దం తీసేసి చూడండి, మరోసారి తెర చూడకుండా వినండి.

ఇంకో జవాబు: ‘అంటే’లను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆ ప్రశ్న అడిగినవారికి మాత్రం ఒక ఉత్తరం రాయండి.

ప్రశ్న వేసినవారు: రాశాను. వారి అసలు సందేహం వేరే ఉందట! శబ్దం తీసేసి కూడా చూశాను. నా చూపు కెమెరా మీద లేదు, తెర మూలన ఉన్న నా బొమ్మ మీదే ఉంది. 1939లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం చెప్పిన మూడు నాయకత్వ శైలులకు 11 నిమిషాలు పట్టింది, సొంత అనుభవం ఒక్కటీ లేదు. ఈసారి మాట్లాడేటప్పుడు ఆ శైలులకు నాలుగు నిమిషాలే.